టెలిస్కోప్‌కి ఐపీస్‌లు, యాక్సెసరీలు కొనేముందు: అపోహలు - వాస్తవాలు

కొత్తగా టెలిస్కోప్ కొన్నవాళ్లకి ఆకాశం చూపించడం, వాళ్ల స్కోప్‌లు సర్ది ఇవ్వడం చాలా ఏళ్ల నుంచి చేస్తున్నాను. దాదాపు అందరిదీ ఒకటే వరస. మొదటి రాత్రి చందమామని చూసి గంతులేస్తారు, రెండో రాత్రి గురుగ్రహం ఇంత చిన్నగా ఉందేంటని నీరసపడతారు, మూడో రోజు పొద్దున్నే "ఇంకా పెద్దగా కనపడాలంటే ఏ ఐపీస్ (కన్ను పెట్టి చూసే చిన్న లెన్స్ గొట్టం) కొనాలండీ" అని మెసేజ్. డబ్బులు తగలెయ్యడం సరిగ్గా అక్కడే మొదలవుతుంది.

లెక్కలకి వీలుగా ఒక స్కోప్ అనుకుందాం. 130 ఎంఎం అద్దం, 650 ఎంఎం ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం), అంటే ఎఫ్/5 (650ని 130తో భాగిస్తే 5) న్యూటోనియన్ (లెన్స్ బదులు అద్దంతో పనిచేసే రకం), డబ్బాలో ఒక 25 ఎంఎం, ఒక 10 ఎంఎం ఐపీస్ వచ్చాయి. మీది వేరేదైతే మీ అంకెలు పెట్టుకోండి, లెక్క మారదు: స్కోప్ ఫోకల్ లెంగ్త్‌ని ఐపీస్ ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఎన్ని రెట్లో వస్తుంది. 650ని 25తో భాగిస్తే 26, 10తో భాగిస్తే 65.

అపోహ: జూమ్ ఎంత ఎక్కువుంటే అంత మంచిది, డబ్బా మీద 675 రెట్లు అని రాశారు కదా

ఆ 675 ఎలా వచ్చిందో చూడండి. 900 ఎంఎం స్కోప్‌లో 4 ఎంఎం ఐపీస్ పెడితే 225, దానికి ఒక ప్లాస్టిక్ 3 రెట్ల బార్లో (ఐపీస్ ముందు బిగించి రెట్లు పెంచే లెన్స్) తగిలిస్తే 675. భాగహారం, గుణకారం అన్నీ కరెక్టే, ఒక్క ఆకాశానికే పనికిరాదు. అలాంటి డబ్బాల్లో లెన్స్ 60, 70 ఎంఎం ఉంటుంది, అది పట్టుకొచ్చే వెలుగు, వివరం ఎంతో అంతే. పిండి కొద్దీ రొట్టె. లెన్స్ వ్యాసం ఎన్ని ఎంఎం ఉంటే దానికి రెండింతలు, అక్కడిదాకే బొమ్మ సాగుతుందని పాత లెక్క, 70 ఎంఎంకి 140 అన్నమాట, ఆ పైన ఎంత పెంచినా కనిపించేది మసకగా పెద్దదవుతుందే తప్ప కొత్తగా ఒక్క గీత కూడా బయటపడదు.

మన 130 ఎంఎంకి ఆ లెక్కన 260 రావాలి, కానీ మధ్యలో గాలి ఉంది. మిట్టమధ్యాహ్నం రోడ్డు మీద గాలి అల్లాడినట్టు రాత్రి పూట పైన గాలి కూడా అల్లాడుతూనే ఉంటుంది, నక్షత్రాలు మిణుకుమిణుకుమనేది అందుకే. మామూలు రాత్రుల్లో 150 దాటితే బొమ్మ ఉడుకుతున్నట్టు కదులుతుంది, 200 దాటి హాయిగా చూసిన రాత్రులు నాకు గుర్తుండిపోయేంత తక్కువ. 1610 జనవరిలో గెలీలియో గురుగ్రహం ఉపగ్రహాలు చూసింది దాదాపు 20 రెట్ల గొట్టంతోనే అని ఎవరికైనా చెప్తే నమ్మరు.

ఇంకో సంగతి. గురుగ్రహం భూమికి దగ్గరగా వచ్చినప్పుడు దాదాపు 45 ఆర్క్‌సెకన్లు (ఒక ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) ఉంటుంది, చందమామ సుమారు 1800. అంటే 40 రెట్లలోనే గురుగ్రహం మామూలు కంటికి కనిపించే చందమామంత అవుతుంది. చుట్టూ చీకట్లో పోల్చుకోడానికి ఏమీ ఉండదు కాబట్టి చిన్నగా అనిపిస్తుంది అంతే. చందమామ కూడా పైన ఉన్న రోజు ఒక కన్ను ఐపీస్‌కి పెట్టి రెండో కంటితో చందమామని చూడండి, నా మాట నమ్మక్కర్లేదు.

అపోహ: ముందు కొనాల్సింది 4 ఎంఎం ఐపీస్

నన్నడిగితే అది చివర్లో కూడా కొనక్కర్లేదు. చవకగా దొరికే 4 ఎంఎం అంటే ఎక్కువగా ప్లోసెల్ డిజైనే. ప్లోసెల్ మంచి డిజైన్, వియన్నాలో ప్లోసెల్ అనే ఆయన 1860లో చేసింది, నాలుగు గాజులు రెండు జతలుగా ఉంటాయి, కన్ను పెడితే చూపు వెడల్పు 50 డిగ్రీల దాకా ఉంటుంది, ఇప్పటికీ డబ్బుకి తగ్గ ఐపీస్ అంటే మొదట చెప్పేది దీన్నే. దాంతో చిక్కంతా ఐ రిలీఫ్, అంటే గాజుకి కంటిని ఎంత దూరంలో పెట్టాలి అనేది. ప్లోసెల్‌లో అది ఫోకల్ లెంగ్త్‌లో ఓ డెబ్భై, ఎనభై శాతం ఉంటుంది. 25 ఎంఎంలో హాయిగా చూడొచ్చు, 4 ఎంఎంకి వచ్చేసరికి 3 ఎంఎం దూరం. కనురెప్పల వెంట్రుకలు గాజుకి రాసుకుంటాయి, గాజు జిడ్డవుతుంది, కంటిచూపు పోయిందేమో అన్న అనుమానం వస్తుంది. పిల్లలకైతే ఇంకా కష్టం, వాళ్లు ఏమీ కనపడకపోయినా మర్యాదకి "కనిపించింది" అనేస్తారు.

డబ్బాలో వచ్చిన 25 ఎంఎం మామూలుగా బాగానే ఉంటుంది, దాన్ని ఉంచుకోండి. 10 ఎంఎం మాత్రం చాలా కిట్లలో నాసిరకంది, ముందు మార్చాల్సింది అదే. దాని బదులు 66 డిగ్రీల వెడల్పుతో వచ్చే చవక ఐపీస్‌లు ఉన్నాయి, గోల్డ్ లైన్, రెడ్ లైన్ అని పిలుస్తుంటారు, వేరే వేరే పేర్ల మీద అమ్మేది దాదాపు అదే సరుకు. వాటిలో 6, 9 ఎంఎం బాగుంటాయి, మన స్కోప్‌లో 6 ఎంఎం అంటే 108 రెట్లు, శని వలయాలు గ్రహం నుంచి విడిగా, చుట్టూ సందుతో కనిపించడానికి అది చాలు, కన్ను అతికించాల్సిన పని కూడా లేదు. అదే వరుసలో 15, 20 ఎంఎం మాత్రం ఎఫ్/5 లాంటి వేగమైన (ఎఫ్ అంకె తక్కువున్న) స్కోప్‌లో అంచుల దగ్గర నక్షత్రాలని పక్షి రెక్కల్లా సాగదీస్తాయి, అవి వదిలెయ్యండి.

తక్కువ జూమ్ ఎందుకు ముఖ్యం అంటే ముందు వస్తువు దొరకాలి కదా. 25 ఎంఎంతో (50 డిగ్రీల చూపుని 26 రెట్లతో భాగిస్తే) దాదాపు 1.9 డిగ్రీల ఆకాశం కనిపిస్తుంది, అంటే కృత్తికలన్నీ ఒకే చూపులో ఇమిడిపోతాయి. 32 ఎంఎం ప్లోసెల్ పెడితే దాదాపు 2.5 డిగ్రీలు. అయితే 32 అందరూ కొనాలా అంటే, ఎఫ్/5 స్కోప్‌లో దాని నుంచి వచ్చే వెలుగు కట్ట 6.4 ఎంఎం వెడల్పు ఉంటుంది, వయసు పెరిగేకొద్దీ కనుపాప అంత తెరుచుకోదు, పైగా ఊరి దీపాల మధ్య ఆకాశమంతా బూడిద రంగులో కనిపిస్తుంది. చీకటి ఆకాశం కిందకి వెళ్లేవాళ్లకి మంచిది, మిగతావాళ్లకి 25 చాలు. అదే 900 ఎంఎం ఫోకల్ లెంగ్త్ ఉన్న 90 ఎంఎం లెన్స్ స్కోప్ అయితే మాత్రం 32 ఎంఎం ముందు కొనండి, అక్కడ అది బంగారం.

32 మంచిదైతే 40 ఇంకా మంచిది కదా అనుకుంటారు. కాదు. ఈ ఐపీస్‌ల ఒకటింపావు అంగుళం గొట్టంలోంచి పట్టే వెడల్పుకి ఒక హద్దు ఉంది, 32 ఎంఎం ప్లోసెల్‌తోనే దాదాపు ఆ హద్దు వచ్చేస్తుంది. 40 ఎంఎంలో చూపు 43 డిగ్రీలకి కుంచించుకుపోతుంది, కాబట్టి కనిపించే ఆకాశం దాదాపు అంతే, కాకపోతే గొట్టంలోంచి తొంగి చూస్తున్నట్టుంటుంది.

ఐపీస్ మీద అక్షరాలు కూడా చూడండి. హెచ్ అని ఉంటే హైగెన్స్, ఎస్ఆర్ అని ఉంటే రామ్స్‌డెన్ డిజైన్. మొదటిది 17వ శతాబ్దం, రెండోది 18వ శతాబ్దం. హెచ్ 20 లాంటిది పొడుగు లెన్స్ స్కోప్‌లో ఏదో పర్లేదు, ఎస్ఆర్ 4 మాత్రం నేను ఇప్పటిదాకా ఎవరి స్కోప్‌లోనూ పనికొస్తుండగా చూడలేదు.

అపోహ: బార్లో ఉంటే ఐపీస్‌లన్నీ రెట్టింపవుతాయి

దీనికి ఎదురు అపోహ కూడా ఉంది, బార్లో పెడితే బొమ్మ పాడైపోతుంది అని. రెండూ సగం సగం నిజం. కిట్‌లో వచ్చే ప్లాస్టిక్ 3 రెట్లది డ్రాయర్‌లో పడేయండి, రెండు గాజులు కలిపి చేసిన మామూలు 2 రెట్ల బార్లో మాత్రం నిజంగా పనికొస్తుంది, ఎందుకంటే 10 ఎంఎంకి తగిలిస్తే 5 ఎంఎం అవుతుంది గానీ కంటి దూరం మాత్రం ఆ 10 ఎంఎం ఐపీస్‌కి ఉన్నంతే ఉంటుంది. కొన్నింటిలో కింది లెన్స్ భాగాన్ని విప్పి నేరుగా ఐపీస్‌కి బిగించుకుంటే దాదాపు 1.5 రెట్లు అవుతుంది, అది ఫ్రీ.

చూసుకోవాల్సింది ఒకటే. మీ దగ్గర 25 ఉండి బార్లో ఉంటే 12.5 వచ్చేసినట్టే, మళ్లీ 12 ఎంఎం కొనడం దండగ. కొనేముందు ఒక కాగితం మీద ఉన్నవి, బార్లోతో అయ్యేవి రాసుకుంటే ఖాళీ ఎక్కడుందో తెలిసిపోతుంది. నేను ఆ కాగితం రాసుకోకుండానే మొదట్లో ఒక కిట్ పెట్టె కొన్నాను, అల్యూమినియం పెట్టెలో స్పాంజి గుంటల్లో ఐదు ఐపీస్‌లు, ఒక బార్లో, ఏడు రంగుల ఫిల్టర్లు, చూస్తే నగల పెట్టెలా ఉంది. రెండేళ్లలో అందులోంచి వాడింది రెండు ఐపీస్‌లు. పెట్టె మాత్రం ఇప్పటికీ వాడుతున్నాను, స్క్రూడ్రైవర్లు పెట్టుకోడానికి.

జూమ్ ఐపీస్ సంగతేంటి అని అడుగుతారు, 8 నుంచి 24 ఎంఎం దాకా తిప్పుకునేవి. పది మందికి చందమామని చూపించేటప్పుడు చాలా సుఖం. 24 దగ్గర చూపు ఇరుగ్గా ఉంటుంది, 40 డిగ్రీలంతే, కాబట్టి 25 ఎంఎంకి బదులుగా మాత్రం అనుకోకండి.

అపోహ: చందమామని ఫిల్టర్ లేకుండా చూస్తే కళ్లు పోతాయి

పోవు. చందమామ నేల పడ్డ వెలుగులో 12 శాతమే తిప్పి పంపిస్తుంది, అసలు రంగు చూస్తే పాత తారురోడ్డు లాంటిది. చీకటికి అలవాటు పడ్డ కంటికి జిగేల్మంటుంది, ఓ నిమిషం మరకలా మిగులుతుంది, అంతే. పక్కన లైటు వేసుకుని చూడండి, లేదా జూమ్ పెంచండి, వెలుగు తగ్గుతుంది.

సూర్యుడి దగ్గర మాత్రం సరదాల్లేవు. పాత కిట్లలో ఐపీస్‌కి బిగించే చిన్న నల్ల గాజు ఒకటి వస్తుంది, సన్ అని రాసి ఉంటుంది. స్కోప్ పోగేసిన వేడంతా దాని దగ్గరికే చేరుతుంది, అది చూస్తుండగానే పగులుతుంది, ఆ క్షణంలో మీ కన్ను అక్కడే ఉంటుంది. ఎవరికీ ఇవ్వకండి, దాచకండి, సుత్తితో కొట్టి పారెయ్యండి. సూర్యుణ్ణి చూడాలంటే స్కోప్ ముందు భాగం మొత్తం కప్పే ఫిల్టర్ కావాలి, బాడర్ ఆస్ట్రోసోలార్ ఫిల్మ్ లాంటిది, అది వెలుగుని లక్షలో ఒక వంతుకి తగ్గిస్తుంది. ప్రతిసారీ పెట్టేముందు దీపానికి ఎదురుగా పట్టి చిల్లులున్నాయేమో చూడండి, గాలికి ఎగరకుండా టేప్ వెయ్యండి, ఫైండర్‌కి (గురి చూసుకోడానికి స్కోప్ పక్కన ఉండే చిన్న గొట్టం) మూత పెట్టడం మర్చిపోకండి, అది కూడా ఒక చిన్న టెలిస్కోపే.

రాత్రి ఫిల్టర్ల విషయానికొస్తే, లైట్ పొల్యూషన్ ఫిల్టర్ పెడితే గెలాక్సీలు తళుక్కుమంటాయి అనేది ఇంకో ఆశ. పాత సోడియం దీపాల వెలుగు కొన్ని రంగుల్లోనే ఉండేది కాబట్టి ఆపగలిగేవాళ్లం, ఎల్‌ఈడీ వెలుగు అన్ని రంగుల్లోనూ పరుచుకుని ఉంటుంది, గెలాక్సీ వెలుగూ అంతే, రెంటినీ విడదీయడం ఫిల్టర్ వల్ల కాదు. యూహెచ్‌సీ, ఓ-త్రీ ఫిల్టర్లు (కొన్ని రంగుల వెలుగునే వదిలే రకాలు) మాత్రం కొన్ని నెబ్యులాలకి (ఆకాశంలోని వాయు మేఘాలకి) నిజంగా పనిచేస్తాయి, అవి ప్రత్యేకమైన రంగుల్లోనే వెలుగుతాయి కాబట్టి. మొదటి ఏడాది వాటి జోలికి పోవద్దు.

అపోహ: బొమ్మ మసగ్గా ఉందంటే ఐపీస్ మంచిది కాదు

నా దగ్గరికి "ఐపీస్ పాడైంది" అని వచ్చిన న్యూటోనియన్లలో చాలావాటికి ఐపీస్ తప్పు లేదు, అద్దాలు వరుసలో లేవు. ఎఫ్/5 స్కోప్‌లో కాలిమేషన్ (అద్దాల వరుస) కొంచెం తప్పినా ముందు దెబ్బతినేది గ్రహాల బొమ్మే. ప్రకాశమైన నక్షత్రాన్ని కొద్దిగా ఫోకస్ తప్పించి చూడండి, వలయాలు ఒకదానిలో ఒకటి మధ్యకి కుదిరి ఉండాలి, ఒక పక్కకి జారితే అద్దం సర్దాలి. దానికి లేజర్ కొనాలంటారు, కానీ చవక లేజర్లలో చాలావాటికి దాని గొట్టంలోనే కిరణం వంకరగా ఉంటుంది. లేజర్‌ని ఫోకసర్‌లో (ఐపీస్ పెట్టే గొట్టంలో) పెట్టి మెల్లగా తిప్పండి, ఎర్ర చుక్క అద్దం మీద ఒకేచోట ఉండకుండా సున్నా చుడుతుంటే ముందు లేజర్‌నే సరిచెయ్యాలి. ఫోకసర్ మూతకి సరిగ్గా మధ్యలో 2 ఎంఎం చిల్లు పెట్టి అందులోంచి చూస్తూ సర్దుకోవడం నేర్చుకుంటే పైసా ఖర్చు లేదు, నా స్కోప్ ఇప్పటికీ దాంతోనే సర్దుతాను. ఇంకా, ఇంట్లోంచి తెచ్చిన వెంటనే చూసి తిట్టుకోకండి, అద్దం బయటి చలికి అలవాటు పడటానికి అరగంట ఇవ్వండి.

కళ్లద్దాల గురించి ఒక్క మాట. దూరపు చూపు, దగ్గర చూపు సమస్యే అయితే అద్దాలు తీసేసి ఫోకస్ తిప్పుకోండి, సరిపోతుంది. సిలిండర్ పవర్ ఎక్కువ ఉన్నవాళ్లకి మాత్రం తక్కువ జూమ్‌లో అద్దాలు కావాలి, వాళ్లు కనీసం 15 ఎంఎం ఐ రిలీఫ్ ఉన్నది చూసుకోవాలి. ఎక్కువ జూమ్‌లో వెలుగు కట్ట సన్నగా అయిపోతుంది కాబట్టి సిలిండర్ తేడా పెద్దగా తెలియదు.

అపోహ: ఐపీస్‌ని వారం వారం తుడవాలి

నాలుగు దుమ్ము కణాలు బొమ్మలో కనపడవు, చొక్కా కొంగుతో చేసిన గీతలు మాత్రం జీవితాంతం ఉంటాయి. గాలి బల్బుతో ఊదండి, వేలిముద్ర పడితేనే లెన్స్ టిష్యూకి రెండు చుక్కల ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపి ఒత్తకుండా తుడవండి, గాజు మీద నేరుగా పొయ్యకండి, లోపలికి దిగుతుంది. మంచు పట్టిన ఐపీస్‌ని తుడవనే వద్దు, జేబులో పెట్టుకోండి, ఐదు నిమిషాల్లో ఒంటి వేడికి అదే పోతుంది. ఆ లోపు రెండో ఐపీస్‌తో చూస్తుండొచ్చు.