‘ఉపా’ కేసుల్లో పేరు చేసే పని: అపోహలు, వాస్తవాలు

నేను విజయవాడలో క్రిమినల్ కేసులు చూసే లాయర్‌ని. ‘ఉపా’ (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం) అనే ఉగ్రవాద నిరోధక చట్టం కింద ఫలానా ఊళ్లో అరెస్టు అని పేపర్లో వచ్చిన రోజు నాకు ఫోన్లు ఎక్కువ. చాలామంది ముందు అడిగేది ‘‘ఎవరు వాళ్లు?’’ అనే. ఏం చేశారన్నది ఆ తర్వాత. ఆ వరుసే నన్ను బాధపెడుతుంది.

అపోహ: ఈ చట్టాన్ని ఒక మతం వాళ్ల కోసమే రాశారు.

ఉపా 1967 నాటిది. అందులోని 15వ సెక్షన్ ఉగ్రవాద చర్య అంటే ఏమిటో చెబుతుంది. మతం, కులం ఊసే ఉండదు. అవి దూరేది ఎవరి మీద ఏ చట్టం పెట్టాలో నిర్ణయించే దగ్గర. 2002లో గుజరాత్‌లో జరిగిన గోధ్రా రైలు దహనం కేసులో ముద్దాయిల మీద అప్పటి ఉగ్రవాద నిరోధక చట్టం ‘పోటా’ పెట్టారు. ఆ వెంటనే జరిగిన మారణకాండ కేసులకు మామూలు శిక్షాస్మృతి సరిపోయింది. ఏడాది అదే, రాష్ట్రం అదే. ఆ తేడాను చట్టం చేయలేదు, పాలకులు చేశారు.

అపోహ: తప్పు చేయనివాడికి భయమెందుకు, కోర్టు వదిలేస్తుంది కదా.

నాకు ఎక్కువగా వినబడే మాట ఇదే. వదిలేస్తుంది, నిజమే. ఎప్పుడు? మామూలు కేసుల్లో చార్జిషీటుకు 60 లేదా 90 రోజుల గడువు. ఇక్కడ కోర్టు అనుమతితో 180 రోజుల దాకా పోతుంది. ముందస్తు బెయిల్ లేదు. పోలీసు కాగితాలు చూసి, ఆరోపణ నిజమేనని పైకి కనిపిస్తే చాలు, ఉపా 43డి(5) సెక్షన్ ప్రకారం బెయిల్ ఇవ్వకూడదు. కేంద్రం పార్లమెంటుకు చెప్పిన లెక్క: 2018 నుంచి 2020 వరకు ఉపా కింద అరెస్టయినవాళ్లు 4,690 మంది, శిక్ష పడినవాళ్లు 149 మంది. ఆ 149 మంది ఈ 4,690లోని వాళ్లే కానక్కర్లేదు, ఎందుకంటే విచారణ ఏళ్ల తరబడి సాగుతుంది.

గుంటూరు నుంచి ఒక టైలర్ వచ్చారు, పెద్దాయన. కొడుకు కేసులో ఇల్లు సోదా చేసినప్పటి మధ్యవర్తుల నివేదిక (పంచనామా) జిరాక్సు తెచ్చారు. ఏడో ఐటెం: ‘ఉర్దూలో రాసిన నోటుబుక్కు ఒకటి’.

‘‘ఇందులో ఏముంది చాచా?’’

‘‘కొలతలు సార్. ఛాతీ, భుజం, చెయ్యి పొడుగు. మా నాయన దగ్గర్నుంచీ అట్లానే రాస్తాం.’’

నివేదికలో ‘ఉర్దూ’ ఉంది, ‘కొలతలు’ లేదు. తెలుగులో రాసుకున్న కొలతల పుస్తకాన్ని ఎవరైనా సీజ్ చేస్తారా? తర్జుమా ఫైల్లోకి చేరేసరికి ఎనిమిది నెలలు. ఈలోపు ఇంటి ఓనరు ఖాళీ చేయమన్నాడు, కూతురి సంబంధం తప్పిపోయింది.

మక్కా మసీదు సంగతి మనందరికీ తెలుసు. 2007 మే 18న పేలుడు. ఆ తర్వాత హైదరాబాద్‌లో ముస్లిం యువకుల్ని పదుల సంఖ్యలో పట్టుకెళ్లారు. వాళ్ల మీద కేసులు నిలవలేదు. ప్రభుత్వమే పరిహారం ఇచ్చింది, దాన్ని హైకోర్టు కొట్టేసింది. దర్యాప్తు హిందుత్వ వాదుల వైపు మళ్లింది. 2018 ఏప్రిల్‌లో విచారణ ఎదుర్కొన్న ఐదుగురూ నిర్దోషులుగా బయటికొచ్చారు. ముందు ఒక మతం పేరు, తర్వాత ఇంకో మతం పేరు పదేళ్ల పాటు రాజకీయ సభల్లో నలిగాయి. బాంబు పెట్టిందెవరో చనిపోయినవాళ్ల ఇళ్లకు ఈ రోజుకీ ఎవరూ చెప్పలేదు.

అపోహ: ఎన్‌ఐఏ (జాతీయ దర్యాప్తు సంస్థ) దిగిందంటే ఉగ్రవాదే.

కోడికత్తి కేసు గుర్తుందా? 2018లో విశాఖ విమానాశ్రయంలో జగన్ మీద దాడి. పౌర విమానయాన భద్రత చట్టం ఎన్‌ఐఏ పరిధిలో ఉంది కాబట్టి కేసు వాళ్లకు వెళ్లింది, అంతే. అందులో ముద్దాయి దళిత యువకుడు. హైకోర్టు 2024 ఫిబ్రవరిలో బెయిల్ ఇచ్చేసరికి దాదాపు ఐదేళ్లు జైల్లోనే గడిచాయి.

అపోహ: కోర్టు తేల్చాకే ఒకరిని ఉగ్రవాది అంటారు.

2019 సవరణ తర్వాత అక్కర్లేదు. కేంద్రం నోటిఫికేషన్‌తో ఒక వ్యక్తిని ఉగ్రవాదుల జాబితా అయిన నాలుగో షెడ్యూల్‌లో చేర్చవచ్చు.

అపోహ: ఇది మన సమస్య కాదు.

2002లో పార్లమెంటులో పోటాకు మద్దతిచ్చిన తమిళనాడు నేత వైగోను అదే ఏడాది జులైలో తమిళనాడు ప్రభుత్వం పోటా కిందే అరెస్టు చేసింది, ఒక ప్రసంగానికి. మన దగ్గర 2005లో విప్లవ రచయితల సంఘాన్ని ప్రజా భద్రతా చట్టం కింద నిషేధించారు. ఒకచోట గడ్డం చూస్తారు, ఇంకోచోట గూడెం పేరు, మరోచోట చేతిలో పుస్తకం.

అపోహ: ఉపాలో బెయిల్ రాదు, లాయర్ దండగ.

దయచేసి ఇది నమ్మకండి. విచారణ విపరీతంగా ఆలస్యమైతే 43డి(5) ఉన్నా హైకోర్టు, సుప్రీంకోర్టు బెయిల్ ఇవ్వవచ్చని 2021లో నజీబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఉపాలో కూడా బెయిలే నియమమని 2024 ఆగస్టులో మళ్లీ చెప్పింది. ఎందుకు అరెస్టు చేస్తున్నారో రాతపూర్వకంగా ఇవ్వాల్సిందేనని అదే ఏడాది మేలో తీర్పు వచ్చింది. కాబట్టి ఇంటికి పోలీసులొస్తే మొదట ఆ కాగితం అడగండి. మధ్యవర్తుల నివేదికలో ప్రతి వస్తువు పక్కన అదేమిటో రాయించండి. నోటుబుక్కు అయితే అందులో ఏముందో కూడా రాయమనండి. 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టేటప్పటికి లాయర్ అక్కడ ఉండాలి. ఫీజు ఇచ్చుకోలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని పెడుతుంది.