టైమింగ్ బెల్టు: అపోహలు, అసలు సంగతి - ఆటోనగర్ షెడ్డు నుంచి

"బెల్టు మార్చేశామండీ, మొన్న దసరాకే" అంటారు. ఏ బెల్టు అని అడిగితే, బెల్టంటే బెల్టే కదా అన్నట్టు చూస్తారు. బిల్లు తీస్తే అందులో 'బెల్టు - 1' అని ఉంటుంది, పక్కన వెయ్యి కూడా దాటని రేటు. అది ఫ్యాన్ బెల్టు. విశాఖలో, గాజువాక ఆటోనగర్‌లో మా షెడ్డుకి వచ్చే కార్లలో ఈ ఒక్క గందరగోళం ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు, అందుకే దీంతోనే మొదలుపెడుతున్నా.

ఫ్యాన్ బెల్టు బయటికి కనిపిస్తుంది. ఆల్టర్నేటర్‌ని, ఏసీ కంప్రెసర్‌ని తిప్పుతుంది. అది తెగితే బ్యాటరీ లైటు వెలుగుతుంది, కొన్ని బండ్లలో ఇంజన్ వేడెక్కుతుంది, వెంటనే పక్కకి ఆపేస్తే అంతకు మించి నష్టం ఉండదు. టైమింగ్ బెల్టు మూత వెనక దాక్కుని ఉంటుంది. కింద క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరిగేసరికి పైన కామ్ షాఫ్ట్ (వాల్వులు తెరిచే ఇరుసు) సరిగ్గా ఒక్క చుట్టు తిరగాలి, ఒక్క పన్ను కూడా తేడా రాకూడదు, ఆ లెక్క కాపాడేది ఈ పళ్ళ బెల్టు. 3000 ఆర్‌పీఎం, అంటే క్రాంకు నిమిషానికి 3000 చుట్లు తిరిగేటప్పుడు, ఒక్కో వాల్వు (గాలి లోపలికి, పొగ బయటికి వెళ్ళే తలుపు) సెకనుకి 25 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. పిస్టన్ పైకి వచ్చేలోపు వాల్వు తిరిగి మూసుకోవాలి. బెల్టు తెగితే కామ్ అక్కడే ఆగిపోతుంది, పిస్టన్ మాత్రం ఆగదు, తెరిచి ఉన్న వాల్వుని వెళ్ళి గుద్దుతుంది. డీజిల్ ఇంజన్లలో దాదాపు అన్నిటికీ ఇదే గతి. కొన్ని పాత పెట్రోల్ ఇంజన్లలో ఖాళీ ఎక్కువ కాబట్టి ఊరికే ఆగిపోతాయి, కొత్త బెల్టు వేస్తే మళ్ళీ నడుస్తాయి. మీది ఆ రకమేమో అని మాత్రం ఆశ పెట్టుకోకండి.

అపోహ: లక్ష కిలోమీటర్లు దాటితే ఏ కారుకైనా టైమింగ్ బెల్టు మార్చాలి.

అసలు మీ కారుకి బెల్టు ఉందో లేదో ముందు చూడండి. పాత మారుతి 800, శాంత్రో, ఇండికా డీజిల్, పాత ఇన్నోవా 2.5 డీజిల్, డస్టర్ డీజిల్, ఫిగో డీజిల్, వీటికి బెల్టు. స్విఫ్ట్ 1.3 డీజిల్‌కి, మారుతి కె సిరీస్ పెట్రోల్ ఇంజన్లకి చైను. పాత ఐ10లో అయితే 1.1 ఇంజన్‌కి బెల్టు, 1.2 కప్పాకి చైను, పైనుంచి చూస్తే రెండూ ఒకే కారు! కాబట్టి కారు పేరు చెప్పి అడగొద్దు, ఇంజన్ చెప్పి అడగండి. చైనుకి మార్చే గడువు సాధారణంగా ఉండదు, అలాగని అది అమరం కాదు, ఆయిల్ మార్చకుండా తిప్పితే చైను సాగుతుంది, పొద్దున్నే స్టార్ట్ చేయగానే గలగలమంటుంది. ఈకోస్పోర్ట్ 1.0 ఈకోబూస్ట్‌ది ఇంకో రకం, అందులో బెల్టు ఇంజన్ ఆయిల్‌లోనే తడుస్తూ తిరుగుతుంది. దానికి బండితో ఇచ్చిన పుస్తకంలో చెప్పిన ఆయిల్ తప్ప వేరేది పోస్తే రబ్బరు మెత్తబడి, ఊడిన ముక్కలు వెళ్ళి ఆయిల్ జల్లెడకి అడ్డం పడతాయి.

ఇక ఎన్ని కిలోమీటర్లకి మార్చాలంటే, ఇంజన్‌ని బట్టి మామూలుగా 60 వేల నుంచి లక్షన్నర దాకా ఉంటుంది. మీ బండి పుస్తకంలో ఉన్న అంకే అంకె, నాది కాదు, మీ బావగారిది అసలే కాదు.

అపోహ: మా బండి పెద్దగా తిరగలేదు, మార్చక్కర్లేదు.

ఉక్కునగరం నుంచి ఒక రిటైరైన పెద్దాయన తొమ్మిదేళ్ళ కారు తెచ్చారు, 32 వేలు తిరిగింది. వారానికోసారి సింహాచలం, ఎప్పుడైనా బీచి, అంతే. ఆయన లెక్క ప్రకారం బెల్టు ఇంకా కొత్తది. కానీ రబ్బరుకి మీటరుతో పని లేదు, మూత కింద ఇంజన్ వేడికి ఊరికే ఉన్నా ముసలిదవుతుంది. అందుకే చాలా కంపెనీలు కిలోమీటర్లతోపాటు ఏళ్ళు కూడా రాస్తాయి, ఏది ముందు వస్తే దాన్నే పట్టుకోవాలి.

దీనికి రివర్స్ కేసు ట్యాక్సీలు. రైల్వే స్టేషన్ బయటో, ఆర్కే బీచి దగ్గరో ఏసీ వేసుకుని గంటసేపు వెయిటింగ్‌లో ఉంటారు. 800 ఆర్‌పీఎం మీద గంట ఆడితే క్రాంకు 48 వేల చుట్లు తిరిగినట్టు, మీటరు మీద మాత్రం సున్నా. ఎన్‌ఏడీ జంక్షన్ ట్రాఫిక్‌లో రోజూ ఇరుక్కునేవాళ్ళదీ కొంచెం ఇదే కథ. అలాంటి బండ్లకి నేను గడువుకి పది పదిహేను వేలు ముందే మార్చేయమంటాను. అది పుస్తకంలో లేదు, నా అభిప్రాయం.

అపోహ: పోయే ముందు సౌండ్ వస్తుంది కదా.

రాదు. కీచుమనేది ఫ్యాన్ బెల్టు. టెన్షనర్ (బెల్టుని బిగువుగా పట్టే చక్రం) బేరింగ్ పోతుంటే సన్నగా ఈల వేసినట్టు వినిపించవచ్చు, అదీ వినే చెవి ఉంటే. బెల్టు మాత్రం ఎక్కువసార్లు చెప్పాపెట్టకుండానే పోతుంది.

అపోహ: మూత తీసి చూశాం, పగుళ్ళు లేవు.

నేనూ ఒకప్పుడు అలాగే చూసి పంపేసేవాణ్ణి, ఒప్పుకుంటా. ఇప్పటి బెల్టుల రబ్బరు అంత తేలిగ్గా పగలదు, లోపలున్న ఫైబర్ గ్లాస్ దారాలు అలిసిపోతాయి, అవి కంటికి కనపడవు. చూస్తే తెలిసేది ముఖ్యంగా ఆయిల్ తడి. క్రాంకు సీలు గానీ కామ్ సీలు గానీ (ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగులు) కారి బెల్టు నూనెతో నానితే, మొన్న వేసిందైనా తీసేయాలి, సీలు కూడా మార్చాలి. పాత ఇన్నోవాలో టైమింగ్ బెల్టు మార్చమని చెప్పే టీ-బెల్ట్ లైటు ఉంది కదా అంటారు. ఆ లైటు బెల్టుని చూడదు, కిలోమీటర్లు లెక్కపెడుతుంది అంతే. పాత ఓనరు బెల్టు మార్చకుండా లైటు రీసెట్ చేయించి ఉంటే దానికేం తెలుస్తుంది?

అపోహ: బెల్టు ఒక్కటి చాలు, మిగతాది మెకానిక్ పెంచే బిల్లు.

ఈ పనిలో ఖర్చు వస్తువు కన్నా విప్పడంలోనే ఎక్కువ. టెన్షనర్, ఐడ్లర్ (బెల్టుకి దారి చూపే చక్రం) పాతవే ఉంచి కొత్త బెల్టు వేస్తే, ఆరు నెలలకి ఆ బేరింగ్ పట్టేసి కొత్త బెల్టునీ తీసుకుపోవచ్చు. వాటర్ పంపు ఇదే బెల్టు మీద తిరిగే ఇంజన్ అయితే అదీ ఇప్పుడే మార్చాలి. అన్ని ఇంజన్లలో అలా ఉండదు, పాత ఇన్నోవాలో పంపు బయటి బెల్టు మీద తిరుగుతుంది, అక్కడ అనవసరంగా మార్పించుకోకండి.

అపోహ: పాత బెల్టు ఉన్న చోట్ల వైట్నర్ గుర్తులు పెట్టి విప్పితే చాలు.

కొన్ని పాత ఇంజన్లకి చెల్లుతుంది. కొత్త డీజిళ్ళలో క్రాంకుకి, కామ్‌కి లాకింగ్ పిన్నులు (కదలకుండా పట్టేవి) ఉంటాయి, అవి లేని షెడ్డులో పని చేయించకండి. పిన్నులు టైమింగ్ పట్టుకోవడానికే, వాటిని ఆసరా చేసుకుని క్రాంకు బోల్టు లాగితే పిన్ను విరుగుతుంది. ఇంజన్ చల్లారాక చేయాలి. కొత్త బెల్టుని మడవకూడదు, మెలిపెట్టకూడదు, జారనివ్వని స్ప్రేలు కొట్టకూడదు. పుస్తకం కొత్త బోల్టు వేయమంటే కొత్తదే వేయాలి, బిగించడం టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువో కొలిచే పానా). అంతా అయ్యాక, సెల్ఫ్ కొట్టకముందు, పానా పెట్టి క్రాంకుని అది మామూలుగా తిరిగే వైపే చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి గుర్తులు మళ్ళీ చూడాలి. ఎక్కడైనా గట్టిగా తగిలినట్టుంటే ఆపేయాలి, బలం చూపకూడదు. ఒక్క పన్ను తేడా ఉన్నా చాలాసార్లు బండి స్టార్ట్ అవుతుంది, కానీ పికప్ ఉండదు, మైలేజీ పడిపోతుంది, కస్టమర్ నెల రోజులు ఇంజెక్టర్లని తిట్టుకుంటాడు.

అపోహ: దారిలో ఆగితే నాలుగు సార్లు సెల్ఫ్ కొడితే అందుకుంటుంది.

ఒక కుర్రాడు సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు కొని, ముగ్గురు ఫ్రెండ్స్‌తో అరకు బయలుదేరాడు. ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కుతుండగా ఇంజన్ టక్కున ఆగింది. కిందకి దొర్లుతూ సెల్ఫ్ కొట్టాడు, మళ్ళీ మళ్ళీ కొట్టాడు, తర్వాత ఫ్రెండ్స్ ముగ్గురూ దిగి తోస్తుంటే గేరులో వేసి క్లచ్ వదిలాడు. కొట్టిన ప్రతిసారీ పిస్టన్ వెళ్ళి వంగిన వాల్వుని మళ్ళీ గుద్దింది. మా దగ్గరికి వచ్చాక హెడ్ (వాల్వులుండే ఇంజన్ పై భాగం) దింపితే ఎనిమిది వాల్వులూ బెండు, ఒక పిస్టన్ మీద గాటు. బెల్టు కిట్టు ఖర్చుకి ఎన్నో రెట్లు అయింది. సెల్ఫ్ కొడితే ఇంజన్ మామూలు కన్నా తేలిగ్గా, గిర్రున తిరుగుతున్నట్టు వినిపిస్తే కంప్రెషన్ లేదని అర్థం. అక్కడితో ఆపి టోయింగ్‌కి ఫోన్ చేయండి.

ఆ కారు అమ్మినవాడు చూపించిన బిల్లులోనూ 'బెల్టు మార్చాం' అనే ఉంది. అందుకే పాత కారు కొంటే బిల్లులో టైమింగ్ కిట్ అని, తేదీ, కిలోమీటర్లు రాసి ఉంటేనే నమ్మండి, లేకపోతే మార్చలేదనే లెక్క. మీరు మార్పిస్తున్నప్పుడు పాత బెల్టు డిక్కీలో వేయమని అడగండి. ఇంటికెళ్ళి తిరగేసి చూడండి. లోపలి వైపు అడ్డంగా పళ్ళుంటే టైమింగ్ బెల్టు, పొడుగునా గాడులుంటే మీకు మార్చింది ఫ్యాన్ బెల్టు.