పాతబస్తీ నడక: కట్టడాలకు జాబితా ఉంది, దారికి లేదు

పాతబస్తీ మెట్రో కోసం దారుల్‌షిఫా నుంచి శాలిబండ వైపు కూల్చివేతలు మొదలైనప్పటి నుంచి ఒక గొడవ మళ్లీ మళ్లీ రాజుకుంటోంది. చార్మినార్ చుట్టుపక్కల గల్లీల్లో జనాన్ని వెంటబెట్టుకుని హెరిటేజ్ వాక్ నడిపించేవాళ్లు, చూపించడానికి ఊరే మిగలకుండా పోతోందంటారు. చారిత్రక కట్టడం ఒక్కటి కూడా దెబ్బతినడం లేదని మెట్రో అధికారులు అంటారు. నా లెక్కలో ఇద్దరిదీ నిజమే. ఇద్దరూ వాడుతున్న ‘కట్టడం’ అన్న మాటలోనే తేడా ఉంది. ఆ తేడా మెట్రోతో పుట్టింది కాదు.

1591, కులీ కుతుబ్ షా, ప్లేగు, భాగమతి... ఆ కథ బడి పుస్తకాల్లోనే చదివాం కాబట్టి దాని జోలికి పోను. అసలు ఈ నడకలో ఏముందో ముందు చూడాలి.

పొద్దున్నే, షట్టర్లు లేవకముందే నడవాలి. దుకాణాలు తెరిచాక బోర్డులు, వేలాడదీసిన బట్టలు, ఠేలా బండ్లు గోడల్ని కప్పేస్తాయి. అవి లేని గంటా రెండు గంటల్లోనే పై అంతస్తుల చెక్క కిటికీలు, డంగు సున్నంతో దిద్దిన పూలు, రాలుతున్న గచ్చు కంటబడతాయి. చార్మినార్ నుంచి ఉత్తరానికి గుల్జార్ హౌజ్ అనే పాత ఫౌంటెన్, దాని చుట్టూ నాలుగు కమాన్లు, అవి దాటితే పత్తర్‌గట్టి, ఆపైన మొహర్రం సంతాప మందిరమైన బాద్‌షాహీ అషూర్‌ఖానా. అక్కడి గోడల మీద రంగురంగుల పలకల పని చూసినవాళ్లు ఓ పట్టాన కదలరు. ఆ పలకల కింది వరసలు మూసీ వరదకు పోతే, ఆ మేర రంగులతో చిత్రించి సరిపెట్టారు. దానికి ఎదురుగా నిలబడి, 1908లో నీళ్లు ఎంత ఎత్తున వచ్చాయో గైడు చేత్తో చూపిస్తాడు. ఓపికున్నవాళ్లు అక్కణ్నుంచి పురానీ హవేలీ వైపు మళ్లుతారు. ఇంకో గుంపు చార్మినార్ నుంచి లాడ్ బజార్ మీదుగా చౌమహల్లా ప్యాలెస్‌కు పోతుంది.

ఈ దారంతా కలిపి టికెట్ కొని లోపలికి వెళ్లే చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగిలిందంతా వాటి నడుమ ఉన్నదే: ఎవరిదో దేవిడీ (పాత కాలపు ప్రభువుల భవంతి) గుమ్మం, అత్తరు దుకాణం మెట్లు, లక్కను కుంపటి మీద కరిగించి గాజులకు అద్దాలు అతికే చిన్న గది. లాడ్ బజార్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. గాజుకు దక్కింది గానీ, గాజు చేసే గదికి దక్కలేదు. ఈ తగువు మొత్తం ఆ రెంటి మధ్య ఉన్న దూరమే.

ఆ దూరం ఎప్పుడు ఖాయమైందని అడిగితే నేను చూపించే తేదీ 2015 డిసెంబర్ 7. ఆ రోజు వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వుతో హైదరాబాద్ పట్టణాభివృద్ధి నిబంధనల్లో వారసత్వ కట్టడాలకు రక్షణగా ఉన్న 13వది తొలగిపోయింది. పత్రికల్లో అది లోపలి పేజీల వార్త. పాతబస్తీలో నడిచేవాళ్లకు మాత్రం అంతకు మించిన వార్త ఆ దశాబ్దంలో లేదు.

1995 డిసెంబర్‌లో వచ్చిన నిబంధన అది. బొంబాయిలో అదే ఏడాది వచ్చిన వారసత్వ నిబంధనల బాటలోనే హైదరాబాద్ కూడా నడిచింది. జాబితాలో ఉన్న కట్టడాన్ని కూల్చాలన్నా మార్చాలన్నా నిపుణుల కమిటీ ముందుకు వెళ్లాల్సిందే. అందులో కట్టడాలతోపాటు ‘ప్రాంతాలు’ అన్న మాట కూడా ఉంది. ఒక్క భవనాన్నే కాకుండా దాని చుట్టూ ఉన్న వీధినీ వాడనూ కలిపి కాపాడుకోవచ్చని చట్టం తన నోటితో తానే చెప్పిందన్నమాట. ఆ మాట వాడుకుంది మాత్రం తక్కువ. చివరికి జాబితాలో 151 కట్టడాలు, 9 ప్రాంతాలు చేరాయి. ఆ తొమ్మిదీ శిలా సమూహాలే. వాటిని కాపాడటం మంచి పనే, కాదనను. కానీ పత్తర్‌గట్టి నుంచి శాలిబండ దాకా ఉన్న వాడకు ఆ హోదా ఇద్దామన్న ఆలోచన ఇరవై ఏళ్లలో ఒక కొలిక్కి రాలేదు. తలుపు తెరిచే ఉన్నా ఎవరూ లోపలికి వెళ్లలేదు. 2015లో తలుపే తీసేశారు.

తీసేసిన సందర్భం కూడా గుర్తుంచుకోవాలి. ఆ ఏడాది జులైలో ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం కూల్చి కొత్తది కడతామని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రకటించారు. జనం రోడ్డెక్కారు, కూల్చివేత ఆగింది. నిబంధన మాత్రం పోయింది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చినా, పాత జాబితాలోని పేర్లకు పాత రక్షణ మిగిలిందా లేదా అన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది. కొత్త శాసనసభ భవనం కోసం ఎర్రమ్ మంజిల్ ప్యాలెస్ కూల్చాలని మంత్రివర్గం నిర్ణయించినప్పుడు హైకోర్టులో ఇరుపక్షాలూ తలపడింది సరిగ్గా దీని మీదే. 2019 సెప్టెంబర్ 16న కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ఉస్మానియా సంగతి చూస్తే, కొత్త ఆసుపత్రికి 2025 జనవరి 31న గోషామహల్‌లో శంకుస్థాపన జరిగింది. పాత భవనం మూసీ ఒడ్డున అలాగే ఉంది. రెండు గెలుపులూ గొప్పవే, ఆ రెండూ భవనాల గెలుపులే. కోర్టుకు వెళ్లాలంటే కట్టడానికి పేరుండాలి, ఫొటో ఉండాలి, కట్టించిన నవాబు ఉండాలి. అత్తరు దుకాణం మెట్ల తరఫున పిటిషన్ వేసేదెవరు?

మెట్రో కోసం రోడ్డు వెడల్పు చేస్తే ఊరు చచ్చిపోతుందా అని అడుగుతుంటారు. మంచి ప్రశ్నే, జవాబు పత్తర్‌గట్టిలోనే ఉంది. ఈ రోజు గైడ్లు గర్వంగా చూపించే ఆ రాతి కమాన్ల వరస కూడా రోడ్డు వెడల్పులో పుట్టినదే. 1908 సెప్టెంబర్ 28 నాటి వరద వేలమందిని పొట్టనబెట్టుకున్నాక, 1912లో నగరాన్ని బాగుచేసేందుకు సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పాటైంది. ఏడో నిజాం గద్దెనెక్కిన మరుసటి ఏడాది అది. చార్మినార్‌కు వచ్చే ఇరుకు దారిని బోర్డు వెడల్పు చేసింది. అడ్డమున్నవి తీసేసింది. తీసేసి ఊరుకోలేదు. దారికి రెండువైపులా ఒకే తీరున నల్లరాతితో కట్టించింది: కింద దుకాణాలు, పైన ఇళ్లు, దుకాణాల ముందు ఎండావానా తగలకుండా నడిచేందుకు కమాన్ల వరండా. దుకాణదారు అక్కడే, కాపురం అక్కడే, నడిచేవాడికి నీడ అక్కడే. ఆ వరండాల్లో ఇప్పుడు సామాన్లు నిండి నడవడానికి చోటు దొరక్కపోవచ్చు. అయినా గీసినవాడి మనసులో పాదచారి ఉన్నాడన్న సంగతి ఆ రాళ్లే చెబుతాయి. వెడల్పు చేసిన రోడ్డు పక్కన ఏం నిలబడాలో అప్పటి బోర్డు ముందే తేల్చుకుంది. ఇప్పుడు సగం తెగిన ఇంటికి ఇటుక గోడ పెట్టి, షట్టర్ బిగించి, పైన రేకు వేస్తే పని అయిపోయింది.

చార్మినార్ చుట్టూ చేపట్టిన పాదచారుల ప్రాజెక్టులోనూ ఇదే కొరత కనిపిస్తుంది. ఏళ్ల తరబడి సాగదీసి, చివరికి వాహనాల్ని ఆపి నేలమీద గ్రానైట్ రాళ్లు పరిచారు. హాయిగా నిలబడి స్మారకాన్ని చూడొచ్చు. గుల్జార్ హౌజ్ దాటారో లేదో మళ్లీ ఆటోల మధ్య ఒళ్లు దగ్గర పెట్టుకుని నడవాల్సిందే. కేంద్ర చట్టం ప్రకారం రక్షిత స్మారకానికి 100 మీటర్ల దాకా నిర్మాణం నిషేధం, ఆపైన మరో 200 మీటర్ల దాకా అనుమతి తప్పనిసరి. రక్షణంతా ఒక బిందువు చుట్టూ గీసిన వృత్తమే, నడక మాత్రం గీతలా సాగుతుంది. మెట్రో కూడా ఆ వృత్తాన్ని గౌరవించింది. చార్మినార్ పేరు పెట్టిన స్టేషన్ చార్మినార్‌కు దాదాపు అర కిలోమీటరు దూరంలో వస్తుంది.

మెట్రో కావాలనేవాళ్ల మాట కొట్టిపారేయలేం. జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి ఫలక్‌నుమా దాకా మొదటి దశలోనే వేయాల్సిన లైను అది. 2020 ఫిబ్రవరి 7న మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ (ఎంజీబీఎస్) దాకా వచ్చి ఆగింది. మూసీ ఇవతల రైలు, అవతల ఎదురుచూపు. 2024 మార్చి 8న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఫలక్‌నుమాలో శంకుస్థాపన చేశారు. ఆ తర్వాత లైను చాంద్రాయణగుట్ట దాకా పెరిగి ఏడున్నర కిలోమీటర్లయింది. రోడ్డు 100 అడుగులు, స్టేషన్ల దగ్గర 120. పోయే స్థలానికి గజానికి 81,000 రూపాయలు. 2025 జనవరిలో చెక్కులు ఇవ్వడం, ఇళ్లు కూల్చడం మొదలయ్యాయి. చెక్కు తీసుకుని సంతోషంగా వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు.

అదే ఏడాది మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర ఒక పాత ఇంట్లో మంటలు లేచి 17 మంది చనిపోయారు. లోపలికీ బయటికీ ఉన్నది ఒక్క ఇరుకు దారి. ఆ తర్వాత ఇరుకు గల్లీల అందం గురించి ఇదివరకులా మాట్లాడటం నాకు చేతకాలేదు. వెడల్పు చేయాలనేవాళ్లు ఆ ప్రమాదం పేరు ఎత్తడం సహజం. అయితే ఆ ఇంటివాళ్లకు కావాల్సింది సరైన వైరింగు, ఇంకో ద్వారం, నీళ్ల ట్యాంకరు నిలిచే చోటు. ఎక్కడో వేరే వీధిలో వేసే 100 అడుగుల రోడ్డు ఆ మూడింట్లో దేన్నీ ఆ గుమ్మం దాకా తేలేదు.

ఇక మళ్లీ లెక్కలోకి వస్తే, దారిలోని 103 ప్రార్థనా స్థలాలు, చారిత్రక, సున్నిత నిర్మాణాలు దెబ్బతినకుండా లైను మలుపుల్ని, స్తంభాల చోట్లను సర్దామని మెట్రో సంస్థ చెబుతోంది. ఇంజినీర్ల శ్రమ అందులో కనిపిస్తుంది. పురానీ హవేలీ ఉంటుంది. అషూర్‌ఖానాలు ఉంటాయి. ఈ నగరానికి రూపం గీశాడని చెప్పే మీర్ మోమిన్ సమాధి ఉన్న దాయిరా (శ్మశానవాటిక) ఉంటుంది. మెట్రో మీద వాదన హైకోర్టు దాకా వెళ్లినప్పుడు కూడా ఎక్కువగా నలిగింది ఇలాంటి పేర్లే.

మిగతా ఇళ్లకు పేర్లు లేవు. ఆ ఇంటిదీ ఈ ఇంటిదీ ఒకే గోడ, ఆ గోడకు చబుత్రా (అరుగు), చబుత్రా మీద పొద్దున్నే పేపరు చదువుకునే ముసలాయన. నడక చూపించేవాళ్లు అడిగేదల్లా ఒకటే: కూల్చేముందు ఆ వీధి రెండు వరసల్నీ ఇంటింటికీ కొలిచి, బొమ్మ గీసి, ఫొటో తీసి పెట్టండి, తెగిన ఇళ్ల ముఖాలు మళ్లీ ఏ తీరున కట్టాలో ఒక నమూనా ఇవ్వండి. 1912 నాటి బోర్డు చేసిన పనిలో ఇది సగం కూడా కాదు. మెట్రో స్తంభం ఎక్కడ రావాలో అంగుళాల్లో కొలిచిన నక్షాలు ఉన్నాయి. దాని పక్కన మిగిలే సగం ఇంటి నక్షా కూడా అదే కాగితం మీద గీయొచ్చు.