బావి అడుగున గుర్రం తల

2009 ఆగస్టు. జర్మనీలోని వాల్డ్‌గిర్మెస్‌లో తవ్వకాలు చేస్తున్నవాళ్లు ఒక రోమన్ బావి పూడిక తీస్తున్నారు. 11 మీటర్ల లోతున తిరగలి రాళ్లు తగిలాయి. వాటి కింద, బంగారు పూత పూసిన కంచు గుర్రం తల! జూలు, కళ్లెం, కళ్లెం మీది చిన్న చిన్న బొమ్మలు కూడా చెక్కుచెదరలేదు.

నిజానికి అక్కడ అలాంటి విగ్రహం ఉండటమే వింత. వాల్డ్‌గిర్మెస్ రోమ్ సామ్రాజ్యానికి సరిహద్దుగా నిలిచిన రైన్ నదికి తూర్పున, లాన్ లోయలో ఉంది. చాలాకాలం పుస్తకాల్లో చదువుకున్నది ఇదీ: క్రీ.పూ. 12 నుంచి రోమ్ సేనలు రైన్ దాటి వెళ్లాయి, క్రీ.శ. 9లో జర్మన్ తెగల నాయకుడు అర్మీనియస్ దెబ్బకు రోమన్ సేనాని వారుస్ మూడు లీజియన్లతో (వేల మంది సైనికులుండే పెద్ద దళాలు) సహా నాశనమయ్యాడు, క్రీ.శ. 16లో టిబెరియస్ చక్రవర్తి సేనల్ని వెనక్కి పిలిపించేశాడు. అంటే రోమన్లు అక్కడ గుడారాలు వేశారు, పీకేశారు, అంతే. ఈ అర్మీనియస్ కూడా రోమ్ పౌరసత్వం పొంది, రోమ్ సైన్యంలోనే పనిచేసినవాడు. ఇంటి గుట్టు తెలిసినవాడన్నమాట.

అయితే ఆ యుద్ధం జరిగిన రెండు వందల ఏళ్లకు కాసియస్ డియో అనే చరిత్రకారుడు ఇంకో మాట రాశాడు. రోమన్లు అక్కడ పట్టణాలు కడుతున్నారనీ, స్థానికులు సంతలకు అలవాటు పడుతున్నారనీ. పెద్దగా ఎవరూ నమ్మలేదు.

వాల్డ్‌గిర్మెస్ పొలాల్లో కుండ పెంకులు దొరికితే 1993లో తవ్వకం మొదలైంది. మొదట సైనిక శిబిరమే అనుకున్నారు. తవ్వేకొద్దీ సైనికుల బారకాసులకు బదులు ఇళ్లు, దుకాణాలు, కుండల బట్టీలు, సీసపు నీటి గొట్టాల ముక్కలు బయటపడ్డాయి. ఊరి నడుమ రాతి పునాదుల మీద కట్టిన ఫోరం, అంటే సభలు, పంచాయితీలు జరిగే చోటు. బావి కలపలో చెట్టు వలయాలు పరిశీలిస్తే ఆ చెట్లు నరికింది క్రీ.పూ. 4లో అని తేలింది.

నాణేలు ఒక్కటే దొరికి ఉంటే ఇంత మాట అనలేం. మన నల్గొండ జిల్లా అక్కనపల్లిలో రోమన్ నాణేల నిధి దొరికింది, అంతమాత్రాన రోమ్ అక్కడ ఏలిందా? అది వ్యాపారం. ఫోరం కట్టారంటే మాత్రం పాతుకుపోదామనే వచ్చారు.

నన్ను ఎక్కువ ఆకట్టుకున్నవి మాత్రం కుండలే. అక్కడి పెంకుల్లో దాదాపు ఐదో వంతు స్థానికులు కుమ్మరి సారె లేకుండా చేత్తో చేసినవి. రోమన్ గోడల లోపలే, రోమన్ పాత్రల పక్కనే వాటిని వాడారు. వాటిలో వండినవాళ్లు ఇల్లాళ్లో, పనివాళ్లో, సంతకు వచ్చినవాళ్లో పెంకు చెప్పదు. కానీ గోడకు అటు రోమన్లు, ఇటు అనాగరికులు అన్న పాత బొమ్మ ఇక నిలవదు.

గుర్రం తల ఇప్పుడు జాల్‌బుర్గ్ మ్యూజియంలో ఉంది. అది దొరికిన పొలం రైతు తన వాటా కోసం కోర్టుకెక్కితే, 2018లో 7 లక్షల యూరోలకు పైగా ఇవ్వాలని తీర్పు వచ్చింది.