మాట తల మార్చే భాషలు

చిరంజీవులైన పిల్లలకు,

తల్లి, తండ్రి అని విడిగా అంటాం. పక్కపక్కన చేర్చగానే తల్లిదండ్రులు అంటాం. త కాస్తా ద అయింది. కూర, కాయ కలిస్తే కూరగాయ. పరీక్ష కోసం మీరు బట్టీ పట్టే గసడదవాదేశ సంధి ఇదే. ఇది గుర్తుంటే, కెల్టిక్ భాషలు నేర్చుకోబోయే వాళ్ళను బెదరగొట్టే చిక్కుముడి మీకు సగం విడిపోయినట్టే.

ముందు కెల్టులు ఎవరో చెప్పాలి. అది ఒక రాజ్యం పేరు కాదు, ఒకే జాతి పేరూ కాదు. ఆల్ప్స్ కొండలకు అవతల ఉండే జనాన్ని గ్రీకులు కెల్టోయ్ అన్నారు. గాల్‌లో, అంటే ఇంచుమించు ఇప్పటి ఫ్రాన్స్‌లో, ఉన్నవాళ్ళను క్రీ.పూ. 58 నుంచి రోమన్ సేనాని సీజర్ యుద్ధాలు చేసి లోబరచుకున్నాడు. కొన్ని తెగలు అంతకు రెండు వందల ఏళ్ళ ముందే ఇప్పటి టర్కీ దాకా వెళ్ళి స్థిరపడ్డాయి. బ్రిటన్, ఐర్లండ్ జనాన్ని మాత్రం ఆ కాలపు రచయితలు కెల్టులు అనలేదు. వాళ్ళ భాషలూ గాల్ భాషా ఒకే కుదురువని 1707లో ఎడ్వర్డ్ లూయిడ్ అనే పండితుడు పుస్తకం వేశాకే ఆ పేరు వాళ్ళకూ అంటుకుంది. (క తోనే పలకండి. గ్లాస్గో ఫుట్‌బాల్ జట్టును మాత్రం సెల్టిక్ అంటారు, అది వేరే సంగతి.)

ఇప్పుడు వాడుకలో ఉన్నవి ఆరు భాషలు. ఐరిష్, స్కాటిష్ గేలిక్, మాన్ దీవి భాష మాంక్స్ ఒక గుంపు. వేల్స్ భాష వెల్ష్, ఇంగ్లండ్ నైరుతి కొసలోని కోర్నిష్, ఫ్రాన్స్ వాయవ్య కొసలోని బ్రెటన్ ఇంకో గుంపు. మొదటివాళ్ళు క అనేచోట రెండోవాళ్ళు ప అంటారు. ఐరిష్‌లో అయిదు కూగ్, వెల్ష్‌లో పింప్. తల అక్కడ క్యాన్, ఇక్కడ పెన్.

ఇక ఆ చిక్కుముడి సంగతి: ముందున్న మాటను బట్టి తర్వాతి మాట తల, అంటే మొదటి హల్లు, మారిపోతుంది. పిల్లినే తీసుకోండి. వెల్ష్‌లో పిల్లి కాథ్. థ్ దగ్గర నాలుక కొసను పళ్ళ మధ్య పెట్టి గాలి వదలాలి. అతని పిల్లి ఇ గాథ్. ఆమె పిల్లి ఇ ఖాథ్, ఈ ఖ గొంతు గీరుకున్నట్టు పలుకుతుంది. నా పిల్లి వ ఙ్హాథ్. మన వర్ణమాలలో పనిలేకుండా కూర్చున్న ఙ కు అక్కడ రోజూ పనే! అతని, ఆమె అనే రెండు మాటలూ ఒకటే ‘ఇ’ అని చూశారు కదా. పిల్లి ఎవరిదో చెప్పేది ‘ఇ’ కాదు, ఆ వెనక వచ్చే మాట తల. గ కు బదులు ఖ అన్నారా, పిల్లి చేతులు మారిపోతుంది. ఊరి పేర్లకూ ఇదే తిప్పలు. వేల్స్ రాజధాని కైర్‌డీద్ (ఇంగ్లీషులో కార్డిఫ్). ఆ ఊరికి అనాలంటే ఇ గైర్‌డీద్, ఆ ఊళ్ళో అనాలంటే అఙ్ ఙ్హైర్‌డీద్. కొత్తవాళ్ళు ఇవి మూడు ఊళ్ళనుకుంటారు.

ఇలా ఎందుకు? మన కూరగాయలో కారణం ఇంకా కనిపిస్తూనే ఉంది: ‘కూర’ అచ్చుతో ముగిసింది, రెండు అచ్చుల మధ్య నలిగి క మెత్తబడింది. వాళ్ళకూ జరిగింది అదే. కాకపోతే సుమారు క్రీ.శ. 5, 6 శతాబ్దాల్లో మాటల చివరి భాగాలు రాలిపోయాయి, మెత్తబడ్డ హల్లు మాత్రం అలాగే ఉండిపోయింది. పటం తీసేశాక గోడకు మేకు మిగిలినట్టు.

రాలిపోయినవి ఏవో కనిపెట్టడానికి, కెల్టిక్ భాషలకు దూరపు చుట్టమైన సంస్కృతం బాగా పనికొస్తుంది. ఇదం శబ్దం చదివినవాళ్ళకు అస్య, అస్యాః, ఏషామ్ తెలుసు: ఇతని, ఈమె, వీళ్ళ. ఐరిష్‌లో ఈ మూడూ అరిగిపోయి ఒకే ‘అ’ అయ్యాయి. అతని పిల్లి అ ఖత్, ఆమె పిల్లి అ కత్, వాళ్ళ పిల్లి అ గత్. మొదటిది ఒకప్పుడు అస్య లాగే అచ్చుతో ముగిసేది, కాబట్టి క మెత్తబడి ఖ అయింది. రెండోదాని చివర స ఉండేది, అది అడ్డుపడి క ను కాపాడింది. మూడోదాని చివరి అనునాసికం క ను గ చేసింది. వెల్ష్‌లో ఫలితాలు కొంచెం వేరు, కారణం ఇదే.

రాలిపోయిన చివరలకు రాతి సాక్ష్యమూ ఉంది. దక్షిణ ఐర్లండ్‌లో ఎక్కువగా దొరికే ఓగమ్ అనే పాత లిపి శాసనాల్లో, రాయి అంచు పొడవునా గీతలు చెక్కి, ఫలానావాడి కొడుకుది అనడానికి ‘మక్వి’ అని రాశారు. ఇప్పుడు కొడుకు మక్, కొడుకుది అంటే మిక్, చివరి ఇ లేదు.

సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని 1786లో కలకత్తాలో చెప్పిన విలియం జోన్స్, కెల్టిక్ కూడా అక్కడిదే కావచ్చన్నాడు. ఆయన తండ్రిది వేల్స్‌లోని ఆంగ్లసీ దీవి. మీ లెక్కల పుస్తకంలోని π (పై) గుర్తును 1706లో ఆ అర్థంలో వాడింది ఆ తండ్రే. తెలుగు మాత్రం ద్రావిడ భాష, ఈ కుటుంబంతో చుట్టరికం లేదు. గసడదవల పోలిక మనుషుల నోటి తీరు వల్ల వచ్చింది, అంతే.

వెల్ష్ నిఘంటువు తిరగేసేటప్పుడు గాథ్ కోసం గ కింద వెతికితే దొరకదు, క కిందికి వెళ్ళాలి. వ తో మొదలైన మాట దొరక్కపోతే బ, మ రెండూ చూడాలి. అచ్చుతో మొదలైంది దొరక్కపోతే గ కింద చూడాలి, ఎందుకంటే గ మెత్తబడితే పూర్తిగా మాయమవుతుంది: తోట గార్ద్, ‘ఆ తోట’ అంటే అర్ ఆర్ద్. ఐరిష్‌వాళ్ళు ఈ విషయంలో దయగలవాళ్ళు. గత్ అని పలికినా గ పక్కన అసలు క ను కూడా రాస్తారు, అసలు మాట కంటికి కనిపిస్తుంది.

పేరు పెట్టి పిలిచేటప్పుడు మనం మాట చివర మారుస్తాం, రాముడు రామా అవుతాడు. స్కాటిష్ గేలిక్‌లో తల కూడా మారుతుంది. మారి అనే అమ్మాయిని పిలిస్తే అ వారి. షేమస్‌ను పిలిస్తే అ హేమిష్. ఇంగ్లీషువాళ్ళు ఆ పిలుపు విని అదే పేరనుకున్నారు. ఇవాళ ఎంతోమంది హేమిష్‌లు ఉన్నారు. ‘రామా’ అన్న కేక విని బడి రిజిస్టర్లో అబ్బాయి పేరు రామా అని రాసుకున్నట్టు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య