గోమార్లు: సర్కారు మందుకు పవర్ లేదా? అపోహలు - వాస్తవాలు

మాది సిరోంచ. మహారాష్ట్ర పటంలో కింద కుడివైపు మూల, ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటు. అవతలి ఒడ్డున కాళేశ్వరం. ఇంట్లో తెలుగు, ఆఫీసులో మరాఠీ కాబట్టి మా దగ్గర పశువుల ఒంటికి పట్టి రక్తం తాగే ఒక్క జీవికే మూడు పేర్లు: గోమారి, పిడుదు, గోచీడ్. నేను పశువైద్య శాఖలో చేరి ఊళ్ళలో గోమార్ల నివారణ శిబిరాలకు తిరగబట్టి పద్నాలుగేళ్ళయింది. అక్కడ పదేపదే వినే మాటలివి. అన్నీ రైతులవే కావు, ఒకటి మా వాళ్ళది కూడా.

అపోహ: సర్కారు మందుకు పవర్ ఉండదు

"దుకాణంల కొన్నదైతే టక్కున రాలుతయి సారూ, మీది ఉత్త నీళ్ళే" అని ఒక కాకా నా మొహం మీదే అన్నాడు. రెండు సీసాలూ పక్కపక్కన పెట్టి చూపించాను. రెండింట్లోనూ డెల్టామెత్రిన్ అనే మందే, రెండూ అదే శాతం. తేడా కలపడంలో, కొట్టడంలో ఉంది. సొంత డబ్బు పెట్టి కొన్న మందును ఆయన కొలిచి కలిపాడు, ఆవు ఒళ్ళంతా తడిసేలా కొట్టాడు. శిబిరంలో మాకు వందకు పైగా పశువులు, రెండే పంపులు, ఎండ ముదరక ముందే ముగించాలని తొందర. వీపు మీద నాలుగు చుక్కలు పడితే రిజిస్టర్‌లో టిక్కు పడ్డట్టే.

గోమారి వీపు మీద కూర్చోదు. చెవి లోపల, గంగడోలు మడతల్లో, తొడల మధ్య, పొదుగు చుట్టూ, తోక కింద దాక్కుంటుంది. పెద్ద పశువుకు రెండు మూడు లీటర్ల మందునీళ్ళు చర్మం దాకా దిగాలి. మోతాదు తగ్గిస్తే చావకుండా మిగిలినవి పిల్లల్ని పెడతాయి, వాటికి ఆ మందంటే లెక్క ఉండదు. డెల్టామెత్రిన్‌కు, సైపర్‌మెత్రిన్‌కు లొంగని గోమార్లు మన దేశంలో చాలా రాష్ట్రాల్లో బయటపడ్డాయి. అలాంటప్పుడు డోసు డబుల్ చేసి లాభం లేదు, అమిట్రాజ్ లాంటి వేరే రకం మందుకు మారాలి.

కాకా కోపంలో న్యాయం లేకపోలేదు. ఒక ఏడాది మందు మా చేతికి దసరా దాటాక వచ్చింది. గోమార్లు పెచ్చుమీరేది వానాకాలంలో. వచ్చింది వచ్చినట్టు కొట్టేశాం, ఫోటోలు పంపాం, రిపోర్టు పూర్తయింది.

అపోహ: రాలిపోయాయంటే పని అయిపోయినట్టే

ఇది మా వాళ్ళది. నాకూ మొదట్లో ఇదే నమ్మకం. దాన్ని వదిలించింది ఒక హార్లిక్స్ సీసా.

ఒక ఆవు చెవి నుంచి ఊడిన గోమారిని తెచ్చాను. రక్తం తాగి, బూడిద రంగులో, అచ్చం ఆముదం గింజలా ఉబ్బి ఉంది. (ఆముదం శాస్త్రీయ నామం రిసినస్. లాటిన్‌లో ఆ మాటకు అర్థం గోమారి. వాళ్ళకూ అదే పోలిక తట్టింది.) సీసాలో కాస్త తడి మట్టి పోసి, దాన్ని వేసి, మూతికి పలచని గుడ్డ కట్టాను. నాలుగైదు రోజులకు గుడ్లు మొదలయ్యాయి. గోధుమ రంగులో, నూనె రాసినట్టు మెరుస్తూ, ఒకదానికొకటి అంటుకుని ముద్దగా. ముద్ద పెరిగేకొద్దీ తల్లి ముడుచుకుపోయింది, చివరికి తొక్క మిగిలింది. ఒక్క గోమారి పెట్టే గుడ్లు రెండు మూడు వేలు. కొన్ని వారాలకు సీసా గోడల నిండా ఆవగింజ కన్నా చిన్న పిల్లలు, ఒక్కో దానికి ఆరు కాళ్ళు. మిగతా రెండు కాళ్ళు తర్వాత వస్తాయి. ఇది సాలీడు, తేలు కుటుంబం.

ఆ సీసాను గ్రామసభకు పట్టుకెళ్ళాను. గుడ్డ మీద నోటితో ఊదమని సర్పంచ్‌కు ఇచ్చాను. ఊపిరి తగిలీ తగలగానే అన్నీ ఒక్కసారిగా పైకి పాకాయి. పశువు దగ్గరికొచ్చిందని వాటికి ఊపిరితోనే తెలుస్తుంది. ఆయన సీసాను వెంటనే నా చేతిలో పెట్టేసి ధోతీకి చేతులు తుడుచుకున్నాడు.

గోమార్లలో ఎక్కువ భాగం ఏ రోజు చూసినా పశువు మీద ఉండవు. గడ్డి కొసలకు, కొట్టం గోడల పగుళ్ళలో, పెంటకుప్ప పక్కన ఉంటాయి. ఆవుల మీద మామూలుగా కనిపించే రకం ఒక్క పశువు మీదే మూడు వారాల్లో పెరిగి, గుడ్లు పెట్టడానికి కిందకు రాలుతుంది. ఇంకో రకం మధ్యలో దిగి, పగుళ్ళలో కుబుసం విడిచి, మళ్ళీ ఎక్కుతుంది. అందుకే 15 రోజులకోసారి కనీసం మూడు విడతలు కొట్టాలంటాను. పగుళ్ళను మట్టితో పూడ్చి సున్నం కొట్టడం కూడా మందుతో సమానమే, కానీ ఆ పనికి శిబిరం పెట్టరు.

అపోహ: పత్తికి కొట్టగా మిగిలిన మందు ఆవుకూ పనికొస్తుంది

దయచేసి వద్దు. పత్తి చేలో మందు కొడుతూ మనుషులే ప్రాణాలు పోగొట్టుకున్న 2017 నాటి యవత్మాల్ సంగతి ఈ వైపు అందరికీ తెలుసు. ఆవైతే ఒళ్ళు నాకుతుంది కూడా. ఒకసారి నన్ను పిలిచి పాము కరిచిందన్నారు. ఆవు నోట నురగ, ఒళ్ళంతా వణుకు, కంటిపాప సూదిమొనంత. పత్తికి తెచ్చిన మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కొట్టామని ఒప్పుకునేసరికి అరగంట గడిచింది. దాని విరుగుడు అట్రోపిన్ నా సంచీలోనే ఉంది. ఆవు దక్కలేదు.

కిరోసిన్, ఇంజన్ ఆయిల్ కూడా చర్మాన్ని కాలుస్తాయి. ఐవర్‌మెక్టిన్ ఇంజక్షన్ (గోమార్లకు అదీ వేస్తారు) విషయానికొస్తే, ఇంటికో డెయిరీకో పాలు పోసే ఆవుకు వేయకూడదు.

అపోహ: నాటు ఆవుకు గోమార్లు ఏం చేయవు

ఇది సగం నిజం. మా నాటు రకం కఠాణీ ఆవులు తట్టుకుంటాయి. కానీ థైలేరియా క్రిమి వాటి ఒంట్లో చప్పుడు లేకుండా ఉండి, గోమారి ద్వారా పక్క కొట్టంలోని జెర్సీ ఆవుకు చేరుతుంది. జెర్సీకి జ్వరం, మెడ దగ్గర గడ్డలు, పాలు ఒక్కసారిగా పడిపోవడం. మూత్రం కాఫీ రంగులోకి మారితే అది బెబీసియా అనే ఇంకో క్రిమి, దాన్నీ మోసేది గోమారే. నాటు ఆవును శిబిరానికి తోలుకురాని ఇంటివల్ల పక్కింటి అవ్వ బ్యాంకు లోనుతో తెచ్చుకున్న ఆవు పోతుంది.

అపోహ: లంపీకి ఇదే మందు

2022లో మహారాష్ట్రలో పశువుల ఒళ్ళంతా గడ్డలు లేచే లంపీ జబ్బు ముదిరినప్పుడు మా శిబిరాలకు జాతరలా వచ్చారు. స్ప్రే వల్ల ఈగలు, దోమలు, గోమార్లు తగ్గుతాయి, అంతవరకే. కాపాడేది టీకా.

అపోహ: మనుషులకేం కాదు

గోమార్ల ద్వారా మనుషులకు సోకే క్రిమియన్-కాంగో జ్వరం మన దేశంలో మొదటిసారి 2011లో గుజరాత్‌లో నిర్ధారణ అయింది. పేషెంటుతో పాటు వైద్యం చేసిన డాక్టరు, నర్సు కూడా చనిపోయారు. 2020లో పాల్ఘర్ జిల్లాలో దాని గురించి అలర్ట్ ఇచ్చారు. మా వైపు టెన్షన్ పడాల్సినంత ఏమీ లేదు గానీ, గోమారిని గోళ్ళ మధ్య చిదిమే అలవాటు మానండి. పీకి సబ్బునీళ్ళలోనో కిరోసిన్‌లోనో వేయండి. స్క్రబ్ టైఫస్ కూడా వీటివల్లేనని అడుగుతుంటారు. కాదు, దాన్ని తెచ్చేది పొదల్లో ఉండే చిగ్గర్ అనే వేరే నలుసు. జ్వరంతో పాటు ఒంటి మీద నల్లటి పక్కు కనిపిస్తే డాక్టరుకు చూపించాలి.

అపోహ: మన ఊళ్ళో కొడితే చాలు

1893లో అమెరికాలో స్మిత్, కిల్‌బోర్న్ అనే ఇద్దరు అక్కడి పశువుల ఎర్రమూత్రం జబ్బుకు గోమారే కారణమని నిరూపించారు. 1906లో ప్రభుత్వమే నిర్మూలనకు దిగింది. మందు నింపిన తొట్లలో ఊరూరా పశువులన్నిటినీ రెండు వారాలకోసారి ముంచి తీశారు. ఒప్పుకోని రైతులు కొన్నిచోట్ల తొట్లను డైనమైట్‌తో పేల్చేశారు. (నన్నింతవరకు తిట్లతోనే వదిలారు.) 1943కల్లా దేశమంతా ఆ గోమారి పోయింది, మెక్సికో సరిహద్దులో నది వెంబడి ఒక పట్టీ తప్ప. అక్కడ ఇప్పటికీ గుర్రాల మీద కాపలా తిరుగుతారు, అవతలి నుంచి ఒక్క ఆవు ఈదివచ్చినా పట్టుకుంటారు.

మన ప్రాణహితకు గుర్రాల కాపలా లేదు, అక్కర్లేదు కూడా. నీళ్ళు తగ్గినప్పుడల్లా మేతకు అటువి ఇటు, ఇటువి అటు దాటుతూనే ఉంటాయి. రాష్ట్రాలు రెండు, శాఖలు రెండు, శిబిరాల తేదీలు వేరు. మేం జూలైలో కొడితే అవతల సెప్టెంబర్‌లో కొడతారు. అప్పటికి మా వాటికి మళ్ళీ ఎక్కి ఉంటాయి.

రెండు ఒడ్డులకూ పొత్తున్న ఎద్దుల పండుగ రోజు ఒకటుంది. ఇక్కడ పోళా, అక్కడ పొలాల అమావాస్య. నడి వానాకాలం, ఎద్దులన్నీ కాడి దిగి ఇంటి దగ్గరే ఉంటాయి. మధ్య విడతను ఆ మర్నాటికి పెట్టి, దానికి 15 రోజుల ముందు ఒకటి, 15 రోజుల తర్వాత ఒకటి అనుకుంటే లెక్క సరిపోతుంది. పోళా రోజే వద్దు, కడిగిన ఒళ్ళు తడిగా ఉంటే మందు పల్చనైపోతుంది. ఈ మాట అవతలి డాక్టరుకు ఫోన్‌లో చెప్పాను, ఆయన సరేనన్నాడు.

కాబట్టి పోళా మర్నాడు, పిల్లలు కొయ్య ఎద్దులతో తిరిగే రోజు, సాయంత్రం నాలుగు దాటాక రండి. పశువులకు ముందే కడుపునిండా నీళ్ళు పెట్టండి. మిగిలిన మందునీళ్ళు చెరువులో పోయకండి, చేపలు చస్తాయి. ఒళ్ళు ఆరేదాకా నాక్కోకుండా చిక్కం కట్టాలి, ఎవరిది వాళ్ళు తెచ్చుకోండి. మా దగ్గర ఆరే ఉన్నాయి.