మెడికల్ పరీక్షల మీద రీసెర్చ్ గ్రాంటు: అపోహలు - వాస్తవాలు

ఎంబీబీఎస్ విద్యార్థిని పాస్ చేశామంటే, ఇతని చేతికి రోగిని అప్పగించవచ్చని సంతకం పెట్టినట్టే. ఆ సంతకం ఎంతవరకు నమ్మదగినదో తేల్చే పరిశోధన మన దగ్గర చాలా తక్కువ. దానికి గ్రాంటు అడిగేవాళ్లు ఇంకా తక్కువ. నేను కర్నూలులో మెడికల్ విద్యార్థులకు పాఠాలు చెబుతాను, మెడికల్ ఎడ్యుకేషన్ యూనిట్ పనీ చూస్తాను. అనంతపురం, కడప నుంచి కూడా తోటి అధ్యాపకులు ప్రపోజల్ పంపి "ఒకసారి చూడండి సార్" అంటుంటారు. వాటిలో మళ్లీ మళ్లీ కనిపించే అపోహల గురించే ఈ పోస్టు.

అపోహ: మన ఊరి పేరు చూసే పక్కన పెట్టేస్తారు. గ్రాంట్లన్నీ ఢిల్లీకి, వెల్లూరుకే.

పెద్ద సంస్థల్లో రాసే అలవాటు ఎక్కువ, సాయం చేసే ఆఫీసు ఉంటుంది. ఆ తేడా నిజమే. కానీ పరీక్షల మీద పరిశోధనకు కావలసిన ముడిసరుకు మన దగ్గర ఉన్నంతగా చాలాచోట్ల లేదు. కర్నూలు మెడికల్ కాలేజీ 1957 నాటిది, ఇప్పుడు బ్యాచ్‌కు 250 సీట్లు. అనంతపురం ప్రభుత్వ కాలేజీ 2000లో, కడపది 2006లో వచ్చాయి. మూడూ ఒకే హెల్త్ యూనివర్సిటీ కింద ఉన్నాయి కాబట్టి ఒకే థియరీ ప్రశ్నపత్రం రాస్తాయి. యూనివర్సిటీ ప్రాక్టికల్స్‌కు ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్లు ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి వెళ్తుంటారు. ఈ చివరి విషయాన్ని ఎవరూ పట్టించుకోరు గానీ, పరిశోధకుడికి అది బంగారం. ఒకే ఎగ్జామినర్ రెండు కాలేజీల్లో మార్కులు వేస్తే, మార్కుల్లో తేడా విద్యార్థుల వల్ల వచ్చిందా, ఎగ్జామినర్ మార్కుల విషయంలో గట్టివాడు కావడం వల్ల వచ్చిందా అన్నది లెక్కగట్టి విడదీయవచ్చు. ఒక్క కాలేజీలో కూర్చుని, అక్కడి ఎగ్జామినర్లతోనే ఈ లెక్క తేల్చలేం.

కాబట్టి మీ కాలేజీ ఒక్కదాని పేరుతో పెట్టకండి. పక్క రెండు జిల్లాల్లో ఒక్కొక్కరిని సహపరిశోధకులుగా తీసుకోండి, ప్రిన్సిపాళ్ల అంగీకార పత్రాలు జత చేయండి. ఆ పత్రాలు లేకుండా మూడు కాలేజీల్లో చేస్తామని రాస్తే రివ్యూ చేసేవారు నమ్మరు, నమ్మకూడదు కూడా.

అపోహ: కొత్త పరీక్షా పద్ధతి మొదలుపెట్టడమే రీసెర్చ్.

నా దగ్గరకు వచ్చే ప్రపోజల్స్‌లో ఎక్కువ వాటికి ఇదే జబ్బు. "మా డిపార్ట్‌మెంట్‌లో ఓస్కీ ప్రవేశపెట్టి విద్యార్థుల అభిప్రాయాలు సేకరించడం" అని శీర్షిక ఉంటుంది. ఓస్కీ అంటే విద్యార్థి వరుసగా కొన్ని స్టేషన్లకు వెళ్లి, ఒక్కోచోట ఒక్కో చిన్న పని చేసి చూపించే ప్రాక్టికల్ పరీక్ష. చివర ఒక ఫీడ్‌బ్యాక్ ఫారం, పిల్లలకు నచ్చిందా లేదా అని. ఓస్కీని రోనాల్డ్ హార్డెన్ స్కాట్లాండ్‌లోని డండీలో 1975లోనే పరిచయం చేశారు. విద్యార్థి నిజం రోగిని పరీక్షిస్తుండగా అధ్యాపకుడు చూసి మార్కులు వేసే మినీ సీఈఎక్స్ 1990లలో అమెరికాలో వచ్చింది. అవి మన డిపార్ట్‌మెంట్‌కు కొత్త కావచ్చు, శాస్త్రానికి కాదు. విద్యార్థులకు నచ్చడం మంచిదే, కానీ నచ్చినంత మాత్రాన ఆ మార్కు నిజమని తేలదు.

డబ్బు ఇచ్చేవారు అడిగేది ఒక్కటే: ఈ మార్కును బట్టి మీరు ఒక నిర్ణయం తీసుకుంటున్నారు కదా, ఆ నిర్ణయం సరైనదని ఏ ఆధారంతో చెబుతారు? మైఖేల్ కేన్ అనే కొలమాన శాస్త్రవేత్త ఈ ఆధారాన్ని నాలుగు మెట్లుగా విడదీశారు. వాటిని మన వార్డులో పెట్టి చూద్దాం. పీడియాట్రిక్స్‌లో ఒక స్టేషన్ ఉంది. విరేచనాలతో వచ్చిన బిడ్డ తల్లికి విద్యార్థి ఓఆర్ఎస్ కలపడం చెప్పాలి. పెద్ద ప్యాకెట్ అయితే లీటరు నీళ్లలో, కలిపింది 24 గంటల్లోపే వాడాలి.

మొదటి మెట్టు, ఇద్దరు ఎగ్జామినర్లు విడివిడిగా చూసి ఒకే మార్కు వేస్తారా? రెండోది, ఓఆర్ఎస్ బదులు ఇన్‌హేలర్ వాడకం చెప్పే స్టేషన్ వచ్చి ఉంటే ఆ విద్యార్థికి దాదాపు అదే మార్కు వచ్చేదా? మూడోది, పరీక్ష హాల్లో చక్కగా చెప్పినవాడు రాత్రి డ్యూటీలో, ఓపీ కిటకిటలాడుతున్నప్పుడు నిజం తల్లికి కూడా అలాగే చెబుతాడా? నాలుగోది, ఆ స్టేషన్‌లో ఫెయిలైనవాళ్లకు మళ్లీ నేర్పిస్తే తరవాత వాళ్లు బాగుపడుతున్నారా, లేక ఫెయిల్ అన్న ముద్రే మిగులుతోందా?

నాలుగింటినీ ఒకే ప్రపోజల్‌లో కుక్కకండి. మీ పరీక్షలో బలహీనంగా ఉన్న మెట్టు ఏదో చూసి దాని మీదే ప్రశ్న వేయండి. మన ప్రాంతంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది మూడోది. మన స్టేషన్లలో తల్లి పాత్ర వేసేది సాధారణంగా ఒక పీజీ డాక్టరో స్టాఫ్ నర్సో. డాక్టరు మాట వాళ్లకు సగంలోనే అర్థమైపోతుంది. నిజం వార్డులో ఉండే తల్లి ఆలూరు, ఆదోని వైపు నుంచి కన్నడం కలిసిన తెలుగు మాట్లాడుతూ వస్తుంది, లేదా కర్నూలు పాతబస్తీ నుంచి ఉర్దూ మాట్లాడుతూ వస్తుంది. డాక్టరు ముందు "సరే సార్" అని తలూపి, బయటికొచ్చాక ఆయాను అడుగుతుంది. పరీక్షలో వచ్చిన కమ్యూనికేషన్ మార్కు ఈ తల్లి దగ్గర నిలుస్తుందా? చెక్‌లిస్టులో అన్నిటికీ టిక్కు పడ్డ విద్యార్థి చెప్పింది విని, ఆమె తిరిగి సరిగ్గా కలిపి చూపించగలదా? దీన్ని కొలవడానికి స్థానికులైన ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చి రోగుల పాత్ర వేయించాలి, వాళ్లకు కూలి కట్టివ్వాలి, వీడియో తీయాలి. ఇదంతా ఖర్చుతో కూడిన పని. గ్రాంటు అడగవలసింది ఇలాంటి దానికే. దీని జవాబు ఒక్క కర్నూలుకు కాదు, రోగిదొక మాట, పాఠ్యపుస్తకానిదొక భాష అయిన ప్రతి ఊరికీ పనికొస్తుంది.

అపోహ: క్రాన్‌బాక్ ఆల్ఫా 0.8 వస్తే పరీక్ష వాలిడేట్ అయిపోయినట్టే.

క్రాన్‌బాక్ ఆల్ఫా అంటే పరీక్షలోని అంశాలకు ఒకదానితో ఒకటికి ఎంత పొంతన ఉందో చెప్పే అంకె, గరిష్ఠం 1. ఆ 0.8ని ఎక్కడ లెక్కగట్టారో ముందు అడగండి. చాలామంది ఒకే స్టేషన్ చెక్‌లిస్టులోని అంశాల మీద లెక్కగడతారు. ఒకే కేసులోని అంశాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కాబట్టి ఆల్ఫా ఎక్కువే వస్తుంది. ఆ విద్యార్థి ఇంకో కేసులో ఎలా చేస్తాడో అది చెప్పదు. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలంటారు గానీ, డాక్టరు నైపుణ్యం విషయంలో ఆ మాట చెల్లదు. గుండె కేసు బాగా చేసినవాడు కాలేయం కేసులో తడబడటం మామూలే. దశాబ్దాల పరిశోధనలన్నీ దాదాపు ఇదే చెబుతున్నాయి. ఒకే రోగిని పూర్తిగా పరీక్షించి చెప్పే ఒక్క లాంగ్ కేస్‌తో పాస్, ఫెయిల్ తేల్చడం మీద అంత అభ్యంతరం వచ్చింది కూడా ఇందుకే.

ఒక ఊహా లెక్క చూడండి. ఒక్కో స్టేషన్ విశ్వసనీయత (మళ్లీ పెట్టినా అదే ఫలితం ఎంతవరకు వస్తుందన్న కొలత, గరిష్ఠం 1) 0.15 అనుకుందాం. స్టేషన్లు పెంచితే విశ్వసనీయత ఎంత పెరుగుతుందో చెప్పే స్పియర్‌మన్-బ్రౌన్ సూత్రం ప్రకారం 10 స్టేషన్లు పెడితే మొత్తం పరీక్షది సుమారు 0.64 అవుతుంది. 20 పెడితే 0.78. ఇప్పుడు 10 స్టేషన్ల పరీక్షే తీసుకోండి. మార్కుల ప్రామాణిక విచలనం (మార్కులు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) 8 అనుకుంటే, ఒక్కో విద్యార్థి మార్కులో ఉండే కొలత పొరపాటు 4.8 మార్కులు. పాస్ గీత 50 దగ్గర ఉంటే 47 వచ్చిన అమ్మాయికీ 53 వచ్చిన అబ్బాయికీ మధ్య నిజంగా తేడా ఉందని ఈ పరీక్ష గట్టిగా చెప్పలేదు. అయినా ఒకరిని పాస్ అంటాం, ఇంకొకరిని ఆపేస్తాం. ఆ ఇంట్లో ఆ రోజులు ఎంత టెన్షన్‌గా గడుస్తాయో అధ్యాపకులందరికీ తెలుసు.

అందుకే ప్రపోజల్‌లో "ఆల్ఫా లెక్కగడతాం" అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టకండి. మార్కుల్లో తేడా ఎంతవరకు విద్యార్థి వల్ల, ఎంత స్టేషన్ వల్ల, ఎంత ఎగ్జామినర్ వల్ల అని విడదీసే జనరలైజబిలిటీ విశ్లేషణ చేస్తామని రాయండి. గీత పక్కన ఉన్నవాళ్లలో ఎంతమంది విషయంలో నిర్ణయం తారుమారయ్యే వీలుందో చూస్తామని చెప్పండి. ఇది చేయగల స్టాటిస్టీషియన్‌ను మొదటి రోజు నుంచే టీమ్‌లో పెట్టుకోండి. డేటా చేతికొచ్చాక వెతికితే, అప్పటికే డిజైన్ చెడిపోయి ఉంటుంది.

అపోహ: మన పిల్లలే కదా, ఎథిక్స్ కమిటీ అనుమతి అక్కర్లేదు.

ఈ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. మన చేతిలో ఇంటర్నల్ మార్కులు ఉన్నాయి. ఇప్పటి ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళిక అయిన సీబీఎంఈలో ఆ ఇంటర్నల్స్ సరిపోకపోతే యూనివర్సిటీ పరీక్షకు కూర్చునే అర్హతే రాదు. అలాంటి మనిషి కాగితం ముందు పెట్టి "ఇష్టమైతే సంతకం చెయ్యి" అంటే, వద్దనే ధైర్యం ఏ విద్యార్థికి ఉంటుంది? భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 జాతీయ మార్గదర్శకాలు కూడా విద్యార్థులను, పైవాళ్ల మాట కాదనలేని స్థితిలో ఉన్నవాళ్లుగా ప్రత్యేకంగా చూడమంటాయి.

బోధనా పద్ధతుల పోలిక లాంటి, ప్రమాదం దాదాపు లేని అధ్యయనాలకు అదే మార్గదర్శకాల్లో రివ్యూ నుంచి మినహాయింపు ఉంది. కానీ మినహాయింపు ఉందో లేదో తేల్చేది ఎథిక్స్ కమిటీ. ప్రపోజల్ పంపి, మినహాయింపు అడిగి, ఉత్తరం తీసుకోవాలి. ముందు డేటా తీసేసి తరవాత అనుమతి అడిగితే కుదరదు. 2019 కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు వచ్చాక ఎథిక్స్ కమిటీలు డిపార్ట్‌మెంట్ ఆఫ్ హెల్త్ రీసెర్చ్ దగ్గర నమోదై ఉండాలి. మీ కమిటీ నమోదు గడువు చూసుకోండి, సరిగ్గా దరఖాస్తు సమయానికి అది ముగిసి ఉండటం అరుదేమీ కాదు.

పద్ధతి కష్టమేమీ కాదు. మార్కులు వేయని వ్యక్తి చేత సమ్మతి తీసుకోండి. మార్కులు ఖరారయ్యాకే ఎవరు ఒప్పుకున్నారో మీకు తెలిసేలా పెట్టుకోండి. రోల్ నంబర్లు తీసేసి కోడ్‌లు ఇవ్వండి. యూనివర్సిటీ పరీక్ష మార్కులు కావాలంటే యూనివర్సిటీకి వేరుగా రాయాలి, ప్రిన్సిపాల్ అనుమతి సరిపోదు.

అపోహ: విదేశీ గ్రాంట్లకు ఎవరైనా పెట్టుకోవచ్చు.

పరీక్షల పరిశోధనకు ప్రత్యేకంగా పేరున్నది అమెరికాలో డాక్టర్ల పరీక్షలు తయారుచేసే సంస్థ ఎన్‌బీఎంఈ వారి స్టెమ్లర్ ఫండ్. దాని నియమాల ప్రకారం దరఖాస్తు చేయవలసింది అమెరికా గుర్తింపు సంస్థలు ఆమోదించిన మెడికల్ కాలేజీలు. మనం అక్కడి కాలేజీతో కలిసి భాగస్వాములుగా మాత్రమే ఆలోచించాలి. విదేశీ డబ్బు ట్రస్టు నడిపే కాలేజీకి రావాలంటే విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు చూడాలి, ఆరోగ్య పరిశోధనలో విదేశీ భాగస్వామ్యానికి ఐసీఎంఆర్ ద్వారా ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ (హెచ్‌ఎంఎస్‌సీ) దగ్గరికి వెళ్లాలి. ఇవి తెలియకుండా ఈమెయిళ్ల మీద నెలలు గడిపేవాళ్లను చూస్తున్నాను. ఐసీఎంఆర్ బయటి సంస్థలకు గ్రాంటు ఇవ్వడానికి దరఖాస్తులు పిలిచే ఎక్స్‌ట్రామ్యూరల్ కాల్ అయితే ముందు అందులోని ప్రాధాన్య అంశాలు చదవండి. మీ ప్రశ్న అక్కడ ఇమడకపోతే బలవంతంగా అతికించవద్దు.

అపోహ: బడ్జెట్ చివరి రోజు రాసుకోవచ్చు. మనికిన్లు (శిక్షణకు వాడే మనిషి బొమ్మలు), కంప్యూటర్లు చూపిస్తే బరువుగా ఉంటుంది.

పరీక్షల పరిశోధనలో ఖర్చంతా మనుషుల సమయం. ఎగ్జామినర్లకు శిక్షణ, వీడియో చూసి రెండోసారి మార్కులు వేసేవాళ్ల గౌరవ వేతనం, రోగుల పాత్ర వేసేవాళ్ల కూలి, ఇంటర్వ్యూలు రాతలోకి ఎక్కించే పని, స్టాటిస్టీషియన్, మూడు ఊళ్ల మధ్య ప్రయాణాలు. ఒక్కో అంకె పక్కన లెక్క చూపించండి: ఎన్ని స్టేషన్లు, ఎంతమంది, ఎన్ని గంటలు. మనికిన్ అడిగితే, అది లేకుండా ఈ ప్రశ్నకు జవాబు ఎందుకు రాదో రాయగలగాలి.

డబ్బు వచ్చాక కాలేజీ అకౌంట్స్ సెక్షనే మీకు దిక్కు. కేంద్ర గ్రాంటుకు కేంద్ర ఆర్థిక నియమాల (జీఎఫ్ఆర్) 12-ఏ ఫారంలో, డబ్బు దేనికి ఖర్చయిందో చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఇవ్వాలి. గ్రాంటు మీద వచ్చిన వడ్డీ కూడా మనది కాదు, తిరిగి కట్టాలి. అక్కడి సూపరింటెండెంట్ గారిని ప్రపోజల్ పెట్టకముందే కలిసి, ఏ పద్దులో ఎలా ఖర్చు పెట్టవచ్చో అడగండి. సర్టిఫికెట్ ఆలస్యమైతే రెండో విడత ఆగిపోతుంది, ప్రాజెక్టు అసిస్టెంట్ జీతమూ ఆగుతుంది.

అపోహ: ఒకసారి రిజెక్ట్ అయితే ఆ ఐడియా పని అయిపోయినట్టే.

రివ్యూ కామెంట్లు వస్తే వాటిని మూడు కుప్పలు చేయండి: రాతలో స్పష్టత లేనివి, డిజైన్‌లో లోపాలు, ఆ సంస్థ ప్రాధాన్యాలకు సరిపడనివి. మొదటిదాన్ని వారంలో సరిచేయవచ్చు. మూడోదానికి వేరే సంస్థను చూసుకోవడమే దారి. రెండోదానికి పైలట్, అంటే చిన్న స్థాయిలో ముందస్తు ప్రయోగం కావాలి, దానికి గ్రాంటు అక్కర్లేదు. జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) వారి వైద్య విద్య అడ్వాన్స్‌డ్ కోర్సు చేసేవాళ్లూ, లూధియానాలోనో కోయంబత్తూరులోనో వైద్య అధ్యాపకుల కోసం ఉన్న ఫైమర్ ఫెలోషిప్ చేసేవాళ్లూ ఎలాగూ తమ కాలేజీలో ఒక ప్రాజెక్టు చేయాలి. ఆ ప్రాజెక్టునే పైలట్‌గా మలచండి. ఎగ్జామినర్ల మధ్య పొంతన గురించి అడిగారనుకోండి, ఎథిక్స్ కమిటీ ఉత్తరం చేతికి రాగానే వచ్చే ఇంటర్నల్స్‌లో రెండు స్టేషన్లకు ఇద్దరేసి ఎగ్జామినర్లను పెట్టి, ఒకరి మార్కులు ఇంకొకరికి కనిపించకుండా వేయించండి. ఆ పట్టికను, కామెంట్ కామెంట్‌కూ రాసిన జవాబుతో కలిపి మళ్లీ పంపండి.